కుడికాలు నేర్చిన వంతెన

మా వంతెనకు ఊళ్లో ప్రతి ఒక్కరి నడకా అర్థమైంది, ఒక్క మా అక్కది తప్ప. తమాషా ఏమిటంటే, దాన్ని కట్టిందే మా అక్క కోసం.

బెజవాడలో పట్టాలకు ఇటు మా పేట, అటు మసీదు వీధి. మధ్యలో పదకొండు రైలు పట్టాలు. ప్రారంభం రోజు పొద్దున్నే రెండు వైపులా జనం పోగయ్యారు. మామిడాకుల తోరణాలు కట్టారు, గుమ్మడికాయ కొట్టారు. పంతులుగారు మంత్రం చదివి, అందరినీ కుడికాలు ముందు పెట్టి ఎక్కమన్నారు. ఎక్కారు. వంతెన ఒక్కొక్కరినీ వాళ్ల వాళ్ల నడక వేగంతోనే, నీళ్ల మీద తెప్పలా, పైకి మోసుకుపోయింది. చక్రాల కుర్చీలో కూర్చున్న రిటైర్డు గార్డుగారు చేతిలో కాఫీ గ్లాసుతో ఎక్కి, అవతల దిగేసరికి కాఫీ పూర్తి చేశారు. నేను లేని మీసం మెలేశాను.

తర్వాత మా అక్క వచ్చింది. ఆ రోజు కోసం దాచుకున్న వెంకటగిరి చీర కట్టుకుంది. ముందు చేతికర్ర ఆనించింది, తర్వాత ఎడమకాలు పెట్టింది, ఆ తర్వాత కుడికాలిని మోకాలి దగ్గర చేత్తో పట్టుకుని పైకి లాక్కుంది. వంతెన కదల్లేదు. అక్క దిగి, మళ్లీ ఎక్కింది. మళ్లీ కదల్లేదు. మూడోసారి కూడా అది గోడలా ఊరుకుంది. వెనక వరుసలో జనం ఓపిగ్గా నిలబడి ఉన్నారు, ఆ ఓపికే ఆమెను ఎక్కువ బాధపెట్టిందని నాకు తెలుసు.

"పోనీలేరా, ఆటోని పిలువు," అంది అక్క.

చెంప మీద కొట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. అవతలి గట్టున అక్క చిన్ననాటి స్నేహితురాలు జరీనా చేతిలో స్టీలు క్యారియరుతో ఇటే చూస్తూ నిలబడి ఉంది.

నా పేరు పానకాలరావు. ఇంజనీరింగు కాలేజీలో కొత్త కొత్త పదార్థాలు తయారుచేసే ప్రయోగశాల నాది. అక్క భ్రమరాంబ నాకంటే ఐదేళ్లు పెద్ద. మూడో ఏట పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. జరీనా ఆమెతో ఐదో తరగతి దాకా ఒకే పలక మీద లెక్కలు చేసింది. అప్పట్లో పట్టాల మీదుగా గేటు ఉండేది, నడిచి దాటేవాళ్లు. తర్వాత గేటు మూసేసి యాభై నాలుగు మెట్ల వంతెన కట్టారు. దాంతో రెండు వందల అడుగుల దూరంలో ఉన్న స్నేహితురాలు నాలుగు కిలోమీటర్ల దూరం వెళ్లిపోయింది. పట్టాల కిందుగా పోయే వంతెన దారిన చుట్టూ తిరిగి ఆటోలో పోవాలి మరి.

అక్క రవికెలు కుడుతుంది. జరీనా వాటికి మగ్గం వర్కు చేస్తుంది. ఒకరి పని రెండో వాళ్ల దగ్గరికి చేరాలంటే మధ్యలో ఓ మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. కాలేజీలో నన్ను శాస్త్రవేత్త అంటారు కానీ, ముప్పై ఏళ్లుగా నా అసలు ఉద్యోగం రవికెల సంచీ మోయడం. ఇద్దరి పెరళ్లూ పట్టాల వైపే ఉంటాయి. బట్టలారేసే తీగ మీద ఆకుపచ్చ గుడ్డ కనిపిస్తే రవికెలు సిద్ధమైనట్టు, ఎర్రది కనిపిస్తే ఇంట్లో చుట్టాలున్నారు, ఫోను చెయ్యొద్దని అర్థం. ఫోన్లు వచ్చాక కూడా ఇద్దరూ ఆ గుడ్డలు మానలేదు. మధ్యలో గూడ్సు బండి ఆగితే మాత్రం ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు దాన్ని తిట్టేవాళ్లు. ఈ మధ్య జరీనాకు కూడా మోకాళ్లు అరిగిపోయాయి. ఇంక వాళ్లు కలుసుకునేది రంజానుకీ దసరాకీ మాత్రమే.

లిఫ్టు పెట్టించొచ్చు కదా అని మీరడగొచ్చు. పెట్టారు. పదకొండు రోజులు నడిచింది. ఇప్పుడు దానికి తాళం వేసుంది, లోపల చీపుర్లు పెట్టుకుంటున్నారు. చక్రాల కుర్చీ ఎక్కే ఏటవాలు దారి కావాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. రైలు కరెంటు తీగలు దాటాలంటే ఇరవై ఐదు అడుగుల ఎత్తు. అంటే ఒక్కో వైపు మూడు వందల అడుగుల దారి. మా పేటలో మూడు అడుగుల ఖాళీ దొరికితే ముగ్గులేసుకుంటారు.

ఆ చిక్కు విప్పింది ఒక టీ గ్లాసు. నాలుగేళ్ల కిందట, సన్నగా కరెంటు పంపితే పూరీలా పొంగే పలకలు చేస్తున్నాం. ఒక పలకల వరుస మీద నేను గ్లాసు పెట్టి మర్చిపోయాను. నా దగ్గర పనిచేసే ఇందుమతి ఏమాత్రం తొణక్కుండా, "సార్, మీ టీ నడుచుకుంటూ వెళ్లిపోతోంది," అంది. చూస్తే నిజమే. ఒక పలక పొంగి, అణిగి, పక్క పలక పొంగి, ఆ అల మీద గ్లాసు బల్ల చివరిదాకా వెళ్లింది. చుక్క ఒలకలేదు. ఇందుమతి దాన్ని పట్టుకుని తాగేసింది కూడా.

గ్లాసుని మోసింది మనిషిని మొయ్యదా అనుకున్నాం. మోసింది. ఎంత నిటారు వాలు అయినా, కాలి కింద పలకలు చదునుగా పొంగి, అలలా పైకి తీసుకుపోతాయి. ఎక్కిన వాళ్లకి నేల మీద నడుస్తున్నట్టే ఉంటుంది. అందుకే అలపలక అని పేరు పెట్టాం. చక్రం దొర్లితే గుర్తుపట్టడం దానికి తేలిగ్గానే వచ్చింది. నడిచే మనిషిని గుర్తుపట్టడం నేర్పడమే కష్టమైంది. కుక్క ఎక్కితే కదలకూడదు, ఎవరో విసిరిన బస్తాకి కదలకూడదు. స్విచ్చి పెడితే పిల్లలు ఆటలాడతారు, పైగా అందరినీ ఒకే వేగంతో ఈడ్చుకుపోతుంది. కాబట్టి మొదటి అడుగులు చూసి, ఇది మనిషి, ఈ మనిషి వేగం ఇంత అని దానంతట అదే తెలుసుకోవాలి. చంటిపిల్లలకి మాటలు నేర్పినట్టు రెండేళ్లు దానికి నడకలు నేర్పాం. కాలేజీలో అందరినీ, వంటవాళ్ల నుంచి ప్రిన్సిపాలు దాకా, పిలిచి నడిపించాం. రెండు వేల నూట నలభై మంది ఎక్కారు.

వంతెనకి రైల్వే వాళ్లు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఎనిమిదో రోజు తనిఖీ. మెట్లెక్కలేని వాళ్లు ఐదుగురు ఎవరి సాయం లేకుండా ఇటు నుంచి అటు దాటాలి. ఒక్కరు దాటలేకపోయినా వంతెన విప్పేస్తారు, పాత మెట్లే మిగులుతాయి. ఆ ఐదుగురి జాబితాలో మొదటి పేరు భ్రమరాంబ. ఆ పేరు రాయించింది నేనే, గొప్పగా.

అక్కని ఆటో ఎక్కించి తిన్నగా ప్రయోగశాలకి వెళ్లాను. ఇందుమతి అప్పటికే వంతెన జ్ఞాపకం ముందేసుకుని కూర్చుంది. అక్క ఎక్కిన మూడుసార్లూ అది మనిషి కాదు, సామాను అని రాసుకుంది. కర్రని చూసి తికమక పడిందేమో అన్నాను. కాదంది. గార్డుగారి తమ్ముడు కర్రతోనే ఎక్కారు, ఆయన్ని మోసింది. కాలి బరువు తేడానేమో అన్నాను. అదీ కాదు. సాయంత్రం నాలుగింటికి ఆమె కుర్చీ వెనక్కి జరిపి, తలుపు దగ్గర మేం నేర్పడానికి వాడిన పాత పలకల వరుసను చూస్తూ ఉండిపోయింది.

ఆ వరుస మొదట్లో అడ్డంగా ఒక చెక్క ఉంటుంది, పలకలు జారకుండా. పని మొదలుపెట్టిన రోజు ప్రయోగశాల ఊడ్చే మా ఆయమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. అచ్చం గడపలా ఉంది అని అందరం నవ్వుకున్నాం. గడప కనిపిస్తే మనవాళ్లేం చేస్తారు? ప్రతివాళ్లూ అక్కడ క్షణం ఆగి, కాలు మార్చుకుని, కుడికాలు ముందు పెట్టారు. ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రిన్సిపాలుగారైతే చెప్పులు కూడా విడిచారు. రెండు వేల నూట నలభై మందిలో రెండు వేల నూట ముప్పై ఒక్కరు కుడికాలే. మనిషంటే కుడికాలు ముందు పెట్టేవాడని మా వంతెన నేర్చుకుంది.

"మిగతా తొమ్మిది మందీ ఏమయ్యారు?" అనడిగాను.

ఇందుమతి కాగితం నా వైపు తిప్పింది. ఆ తొమ్మిదింటి పక్కన "తప్పు అడుగు, తీసేయాలి" అని రాసుంది. చేతిరాత నాదే.

ఆ తర్వాత ఆమె ఇంకోమాట అడిగింది, మెల్లిగా, తప్పుపట్టేలా కాకుండా. రెండేళ్లలో ఒక్కసారైనా మీ అక్కగారిని ఇక్కడికి ఎందుకు తీసుకురాలేదు సార్ అంది. మా ప్రయోగశాల రెండో అంతస్తులో ఉంది. నలభై నాలుగు మెట్లు. లిఫ్టు లేదు. దీపం కిందే చీకటి అంటారే, ఆ చీకట్లో నేను రెండేళ్లు కులాసాగా తిరిగాను. నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

మర్నాడు అక్క మిషను కుడుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆమె కుట్టు ఆపకుండా వింది. చెక్కకి పసుపు దగ్గర చిన్నగా నవ్వింది, ప్రిన్సిపాలు చెప్పుల దగ్గర ఇంకాస్త నవ్వింది. నలభై నాలుగు మెట్ల దగ్గర మిషను ఆగిపోయింది.

"అంటే మెట్లెక్కలేని వాళ్ల కోసం వంతెన కడుతూ, మెట్లెక్కగలిగిన వాళ్లనే అడిగావన్నమాట," అంది.

అవునన్నాను. ఆమె కళ్లద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. కాదు, మళ్లీ నవ్వొచ్చింది ఆమెకి. ఇంత చదువు చదివావు, మా నాయనే అని నా నెత్తిన మొట్టింది. ఆ మొట్టికాయతో నా ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడేం చెయ్యాలో చెప్పమంది. వంతెనకి ఎడమకాలి అడుగులు నేర్పాలి, తక్కువలో తక్కువ ఆరు వేలు. అవి రకరకాల మనుషులవి కావాలి. అక్క ఒక్కదాని అడుగులే నేర్పితే అది అక్కనే గుర్తుపడుతుంది, రేపు ఇంకో భ్రమరాంబ వస్తే మళ్లీ సామానే అంటుంది. గడువు ఆరు రోజులే ఉంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని నిట్టూర్చాను.

"మొన్న కట్టావు, అప్పుడే మానేంట్రా," అంది అక్క, కర్ర అందుకుంటూ.

ఆ సాయంత్రం వంతెన మొదట్లో పేటవాళ్లని పోగు చేశాం. సంగతి చెప్పి, ఈ ఆరు రోజులు అందరూ ఎడమకాలు ముందు పెట్టి ఎక్కండి అని అడిగాను. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ కూతురికి సంబంధం చూస్తున్నాం, ఇప్పుడు ఎడమకాలా అంది. ఇంకొకాయన కొత్తగా షాపు పెట్టాడు. అటు మసీదు వీధిలో జరీనా అడిగితే అక్కడా ఇదే జవాబు వచ్చిందట, లోపలికి కుడికాలు, అది చిన్నప్పటి నుంచి వస్తున్న పద్ధతి అని. పట్టాలకు అటూ ఇటూ ఏ విషయంలోనూ ఒక్కమాట మీద నిలబడని జనం, ఎడమకాలి విషయంలో ఏకమైపోయారు.

అక్క వంతెన కమ్మీని పట్టుకుని నిలబడింది. ఆమె జనంలో మాట్లాడే మనిషి కాదు.

"నా కుడికాలు నాకు మూడేళ్లే పనిచేసింది," అంది. "యాభై ఐదేళ్లుగా నన్ను మోస్తున్నది ఎడమకాలే. మీ అందరి రవికెలూ కుట్టింది ఆ కాలితో మిషను తొక్కే. దాన్ని అశుభం అంటే మాత్రం నేనొప్పుకోను."

అందరూ పంతులుగారి వైపు చూశారు. ఆయన విభూతి సర్దుకుంటూ ఆలోచించారు. ఆయన భార్య రవికెలు కూడా అక్కే కుడుతుంది, అది కూడా ఆలోచనలో కలిసి ఉండొచ్చు.

"ఇంట్లోకి కుడికాలు పెట్టాలి. గుళ్లోకి కుడికాలు పెట్టాలి," అన్నారు చివరికి. "ఇది ఇల్లు కాదు, గుడీ కాదు. దారి. దారికి ఏ కాలైతేనేం?"

అని పంచె ఎత్తి పట్టుకుని, ఎడమకాలు పెట్టి ఎక్కారు. వంతెన కదల్లేదు. ఆయన అలాగే నిలబడ్డారు. వెనక అందరూ చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వంతెన తనను సామాను అనుకుంటోందని ఆయనకి తెలుసు. కాసేపటికి ఆయన వెనక్కి తిరిగి అక్క వైపు చూశారు. నిన్న నీకు ఇలాగే అనిపించిందా అమ్మా అని అడిగారు. అక్క తలూపింది.

వంతెనకి నేర్పే పద్ధతి అదే మరి. ఎడమకాలు పెట్టిన ప్రతి మనిషినీ అది ముందు కాదంటుంది. అప్పుడు పక్కన యంత్రం పట్టుకుని కూర్చున్న ఇందుమతి "మనిషే" అని దానికి చెప్పాలి. అప్పుడు కదులుతుంది. అలా ఆరు వేలసార్లు చెప్పాలి. పంతులుగారి గురించి దానికి అలా చెప్పింది, ఆయన మెల్లగా పైకి వెళ్లారు. ఆ తర్వాత కూతురికి సంబంధం చూస్తున్నావిడ ఎక్కింది. కాదనిపించుకుని, మనిషే అనిపించుకుని వెళ్లింది. కొత్త షాపు ఆయనా ఎక్కాడు. అటువైపు యంత్రంతో నేను కూర్చున్నాను. జరీనా గుమ్మంలో కుర్చీ వేసుకుని, వీధిలో పోయే ప్రతివాణ్ణీ పేరు పెట్టి పిలిచి వంతెన మీదికి తోలింది.

ఆ ఐదు రోజులూ మా పేటలో జాతరే. అలవాటు కొద్దీ కుడికాలు పెట్టేసి, నాలిక కరుచుకుని వెనక్కి దిగేవాళ్లు కొందరు. ఏది కుడో ఏది ఎడమో మర్చిపోయి, అన్నం తినే చెయ్యి పైకెత్తి చూసుకునేవాళ్లు కొందరు. కాలేజీ నుంచి బస్సులో వచ్చారు. ప్రిన్సిపాలుగారు ఈసారి చెప్పులతోనే ఎక్కారు. పని లేకపోయినా జనం అటు వెళ్లి టీ తాగి, ఇటొచ్చి పునుగులు తిని, మళ్లీ అటు వెళ్లారు. రెండు వైపుల వాళ్లూ అన్నేళ్లలో అంతగా ఒకరి వీధిలో ఒకరు తిరగలేదు. మూడో రోజు వంతెనకి ఏ కాలి మీదా నమ్మకం లేక, అందరినీ ఆపేసి, గంటసేపు మొరాయించింది. నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఇందుమతి మాత్రం, నేర్చుకునేవాళ్లు ఒకసారి అన్నీ మర్చిపోతారు సార్, మా చెల్లి లెక్కల పరీక్ష ముందు అంతే అంది. గంట తర్వాత అదే సర్దుకుంది. ఐదో రోజు సాయంత్రానికి ఇందుమతి గొంతు పూర్తిగా పోయింది. కానీ అప్పటికి పదిమంది ఎక్కితే తొమ్మిది మందిని వంతెన తనంతట తానే మోస్తోంది. ఆ పదో మనిషి సంగతే నన్ను తినేస్తోంది. అక్కని మాత్రం ఆ ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా ఎక్కనివ్వలేదు. ఆమె అడుగు దానికి కొత్తగానే ఉండాలి.

తనిఖీకి వచ్చిన అధికారిణి తక్కువ మాటల మనిషి. ఫైలు తెరిచి మొదటి పేరు చదివింది. అక్క అదే వెంకటగిరి చీర కట్టుకుని వచ్చింది. సాయం చెయ్యకూడదు కాబట్టి నన్ను పది అడుగుల వెనక నిలబెట్టారు. పేటంతా వచ్చింది.

అక్క కర్ర ఆనించింది. ఎడమకాలు పెట్టింది. కుడికాలిని చేత్తో పట్టుకుని పైకి లాక్కుంది.

ఏమీ కాలేదు. నేను కళ్లు మూసుకున్నాను. ముప్పై ఏళ్ల రవికెల సంచీ బరువు మళ్లీ భుజం మీదికి వచ్చినట్టయింది.

వెనక నుంచి ఎవరో ఊపిరి వదిలారు. కళ్లు తెరిచేసరికి అక్క చీర అంచు నేల దగ్గర లేదు, అడుగు ఎత్తున ఉంది. ఆమె కాలి కింద పలక పొంగింది, కర్ర కింద ఇంకోటి పొంగింది. కుడికాలిని లాక్కునేటప్పుడు వంతెన క్షణం ఆగింది, ఆ కాలు వచ్చి కుదురుకున్నాక మళ్లీ కదిలింది. అలా ఆగమని మేమెవరం నేర్పలేదు. ఐదు రోజులు ఎడమకాలు పెట్టి, పక్కవాళ్లతో కబుర్లాడుతూ, ఆగుతూ నడిచిన జనం దగ్గర నేర్చుకున్నట్టుంది. అక్క వెనక్కి చూడలేదు. నాకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు, ఇందుమతి పోయిన గొంతుతోనే ఏదో అంటూ నాకు చేతిరుమాలు ఇచ్చింది.

అటు నుంచి జరీనా కూడా ఎక్కింది. జాబితాలో ఆమెది రెండో పేరు, ఆమె వంతు ఇంకా రాలేదు, అయినా ఆగలేదు. ఇద్దరూ వంతెన మధ్యలో, ఆరో పట్టా పైన ఎదురుపడ్డారు. కింద గూడ్సు బండి పోతోంది. జీవితంలో మొదటిసారి దాన్ని ఇద్దరూ కలిసి పైనుంచి చూశారు. కౌగిలించుకుంటారేమో అని కింద అందరం ఎదురుచూశాం. బండి చప్పుడు ఆగాక అక్క ముందుగా అన్నమాట మాకు స్పష్టంగానే వినిపించింది.

"మొన్నటి నీలం రవికె చేతులకి పూసలు ఎక్కువ కుట్టావే, మోయలేక చచ్చారు వాళ్లు."

"ఇంతదూరం నడిచొచ్చింది నన్ను తిట్టడానికా," అంది జరీనా.

తర్వాత ఇద్దరూ కమ్మీకి ఆనుకుని, క్యారియరు విప్పుకుని, కబుర్లలో పడ్డారు. ఇరవై నిమిషాలు గడిచాయి. అధికారిణి గడియారం చూసుకుంది. అవతల దిగితేనే దాటినట్టు లెక్క అంది. పిలవమంటారా అని నేను కంగారుగా అడిగాను. ఆమె పైకి చూసింది. అక్క జరీనా నోట్లో ఏదో పెడుతోంది.

"వద్దులెండి," అంది. "నాకు స్టూలు ఏదైనా ఉంటే వెయ్యండి."

ముప్పావు గంట తర్వాత అక్క మసీదు వీధిలో దిగింది. మిగతా నలుగురూ చకచకా దాటేశారు. వెళ్లేముందు అధికారిణి ఫైలు మూసి, తను కూడా ఒకసారి ఎక్కి చూసింది. ఏ కాలు పెట్టిందో నేను చూడలేదు, వంతెన కూడా పట్టించుకోలేదు.

ఆ నెలలోనే ప్రిన్సిపాలుగారి కాళ్లావేళ్లా పడి ప్రయోగశాలని కింది అంతస్తుకి మార్పించాను. కొత్త గదికి పూజ పెట్టుకున్నాం. ఆయమ్మ గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టింది. అక్కా జరీనా వంతెన దిగి, ఒకే ఆటోలో కలిసే వచ్చారు, చేతిలో రవికెల సంచీతో. ముందు నువ్వు వెళ్లు అని అక్కకి దారిచ్చాను. ఆమె గడపకి అవతల కర్ర ఆనించి, ఎడమకాలు లోపలికి పెట్టి, కుడికాలిని లాక్కుని లోపలికి వెళ్లింది.

వెనకే పంతులుగారు హారతి పళ్లెంతో వచ్చి గడప ముందు ఆగిపోయారు. అది దారి కాదు, గది. ఆయన చెప్పిన శాస్త్రం మా అందరికీ గుర్తుంది, ఆయనకీ గుర్తుంది. ఒకసారి మా మొహాలు చూశారు, ఒకసారి లోపల నిలబడిన అక్కని చూశారు. తర్వాత కాలు మార్చుకుని, ఎడమకాలు పెట్టి లోపలికి వచ్చారు.